డ్యూటీ చార్టు చెప్పిన సంగతి: ఒక బాలికా సంరక్షణ గృహం నుంచి కేస్ స్టడీ

కొన్నేళ్ల క్రితం హైదరాబాద్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే బాలికల సంరక్షణ గృహానికి నేను వారానికి రెండు రోజులు కౌన్సెలర్‌గా వెళ్లేదాన్ని. ఈ కేసు ఆ కాలం నాటిది. సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని 2015 నాటి బాలన్యాయ చట్టంలోని 74వ సెక్షన్ నిషేధిస్తుంది కనుక పేర్లు, ఊళ్లు, కుటుంబ వివరాలు మార్చాను. సంఘటనలు జరిగిన వరుసను మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంచాను, ఎందుకంటే ఈ కేసులో అసలు విషయమంతా ఆ వరుసలోనే ఉంది.

నేపథ్యం

ఆ గృహానికి 50 మంది పిల్లల వరకు అనుమతి ఉండేది. నేను ఉన్న కాలంలో 40కి అటూ ఇటూగా ఉండేవారు. పై రెండు అంతస్తుల్లో పిల్లల గదులు, కింద ఆఫీసు, వంటగది, ఆఫీసును ఆనుకుని నాకు ఇచ్చిన గది. సూపరింటెండెంట్ ఒకరు, కేస్ వర్కర్లు ఇద్దరు, పిల్లల దగ్గరే ఉండి వారిని చూసుకునే హౌస్ మదర్లు నలుగురు ఉండేవారు. హౌస్ మదర్ల డ్యూటీ 24 గంటలది, ఉదయం 8 గంటలకు ఎక్కినవారు మర్నాడు 8 గంటలకు దిగాలి. అందరూ కాంట్రాక్టు మీద పనిచేస్తున్నవారే. జీతం రెండు మూడు నెలలకోసారి కలిపి వచ్చేది. నలుగురిలో నాలుగో మనిషి ఎప్పుడూ కొత్తమనిషే: ఐదు నెలల్లో ఆ చోటికి ముగ్గురు వచ్చి వెళ్లారు.

లత అని పిలుచుకుందాం, ఆ అమ్మాయికి అప్పటికి 13 ఏళ్లు. నగరంలోని ఒక పెద్ద రైల్వే స్టేషన్లో ఒంటరిగా కనిపించింది. ఎవరో బాలల సహాయ నంబరు 1098కి ఫోన్ చేశారు. చట్టం చెప్పిన 24 గంటల్లోపు బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరిచి, అక్కడి నుంచి ఈ గృహానికి పంపారు. తల్లి చనిపోయింది. తండ్రి మరో కాపురం పెట్టుకున్నాడు. నాలుగేళ్లలో అమ్మమ్మ, మేనమామ, పెద్దమ్మ, ఒక దూరపు అక్క, మళ్లీ మేనమామ, ఇలా ఐదు మార్పులు. ఏ ఇంట్లోనూ ఎవరూ ఆమెను కొట్టి తరిమేయలేదు. ఎవరి ఇబ్బంది వారిది, పిల్లను మరొకరికి అప్పజెప్పారు, అంతే. ఈ చరిత్ర మొదటి రోజు నుంచి ఫైలులో ఉంది, నేనూ చదివాను. చదివి, అది గడిచిపోయిన కాలపు సంగతి అనుకున్నాను.

నా దగ్గరకు వచ్చినప్పటి సమస్య

సూపరింటెండెంట్ పంపిన చీటీలో మూడు వాక్యాలున్నాయి: ప్రవర్తన బాగా లేదు. దొంగతనం, అబద్ధాలు, రెండుసార్లు గేటు దాటే ప్రయత్నం. కౌన్సెలింగ్ ఇవ్వవలెను.

విడివిడిగా అడిగితే తెలిసిన వివరం వేరు. లత చపాతీలు, బ్రెడ్డు ముక్కలు పరుపు కింద దాచేది. రాత్రిళ్లు మెట్ల దగ్గరి గ్రిల్లు పక్కన కూర్చుని తెల్లవారుజాము దాకా మెలకువగా ఉండేది. ఒక హౌస్ మదర్‌ను రెండు మూడు వారాలు కొంగు పట్టుకుని తిరిగి, ఉన్నట్టుండి ఆమెనే బూతులు తిట్టేది. బడికి వెళ్లడం మానేసింది. ఇవన్నీ రోజూ జరిగేవి కావు. కొన్నాళ్లు ప్రశాంతంగా ఉండి, తర్వాత ఒక్కసారిగా అన్నీ మీద పడేవి. ఈ ఆటుపోట్ల సంగతి మొదటి వారంలోనే నోట్సులో రాసుకున్నాను గానీ, పోటు ఎప్పుడు వస్తోందన్న ప్రశ్న అప్పుడు వేసుకోలేదు.

మొదట చేసినవి

నా మొదటి ఊహ, అయినవాళ్లను వరుసగా పోగొట్టుకున్న పిల్ల కొత్త మనుషులను నమ్మడానికి భయపడుతోందని. అది తప్పు కాదు, సగమే నిజం. అంతకంటే ముందు కొన్ని అవకాశాలను తోసిపుచ్చడం అవసరమనిపించింది. గృహంలో ఎవరైనా ఆమెను వేధిస్తున్నారేమోనని విడిగా, ఒకటికి రెండుసార్లు, వేర్వేరు రోజుల్లో అడిగాను; అలాంటిదేదైనా తెలిస్తే పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయడం తప్పనిసరి. ఏమీ బయటపడలేదు. రక్తపరీక్షలో రక్తహీనత తేలింది, మందులు వాడాం. ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యురాలు చూసి, నిద్రకు కొద్ది రోజులు తక్కువ మోతాదు మందిచ్చి, అది పెద్దగా పనిచేయకపోవడంతో ఆపేశారు.

నా గదిలో బొమ్మలు గీయడం, మాట్లాడడం బాగానే సాగింది. లత నా దగ్గర ఎంతో కుదురుగా ఉండేది. అది నాకు తృప్తినిచ్చింది, తప్పుదారీ పట్టించింది. గదిలో కుదిరిన పిల్ల పైకి వెళ్లగానే ఎందుకు మారుతోందన్న దానికి జవాబు పిల్లలోనే వెతికాను.

తర్వాత నక్షత్రాల చార్టు పెట్టాం. మంచి ప్రవర్తనకు ఒక నక్షత్రం, పది నక్షత్రాలకు ఒక బహుమతి. మూడు వారాల్లో కూలిపోయింది. నక్షత్రం ఇవ్వాల్సిన మనిషి మారుతూ ఉండేది, ఒకరికి మౌనంగా కూర్చోవడం మంచి ప్రవర్తన, మరొకరికి వరండా ఊడవడం. చార్టు ఎందుకు చించేశావని అడిగితే లత అన్న మాట నా నోట్సులో అక్షరం పొల్లుపోకుండా ఉంది: "ఈ అమ్మకు ఏం ఇష్టమో తెలిసేలోపే అమ్మ మారిపోతది. మళ్లా మొదటి నుంచి." కేసు మొత్తాన్ని ఆ పిల్ల రెండు ముక్కల్లో చెప్పింది. నేను దాని పక్కన "ఎదురుమాట" అని రాసుకున్నాను.

హౌస్ మదర్లకు ఒక రోజు శిక్షణ ఇచ్చాను. గాయపడిన పిల్లల మెదడు ఎలా పనిచేస్తుందో, గొంతు పెంచకుండా ఎలా మాట్లాడాలో వివరించాను. 24 గంటల డ్యూటీ దిగి నేరుగా వచ్చి కూర్చున్న ఒకామె పది నిమిషాల్లో నిద్రపోయింది. సాయంత్రం గేటు దగ్గర సరోజమ్మ (ఈ పేరూ మార్చిందే) నాతో అన్నది: "మేడమ్, పిల్లల గోస మీరు ఇంటరు. మా గోస రాసుకునే రిజిస్టర్ ఈడ లేదు." నేను నవ్వి ఊరుకున్నాను. ఈ కేసులో నేను సిగ్గుపడే క్షణాల్లో అదొకటి.

ఇక సమన్వయం. ఆసుపత్రి, బడి, జిల్లా బాలల పరిరక్షణ విభాగం, మేము, అందరం నెలకోసారి కలిసి లత గురించి మాట్లాడుకునేలా ఏర్పాటు చేశాను. మూడు సమావేశాలు జరిగాయి, మూడు మినిట్సు తయారయ్యాయి. రాత్రి ఆమె పక్కన పడుకునే మనిషి వాటిలో దేనికీ రాలేదు, మేమూ పిలవలేదు.

బదిలీ ప్రతిపాదన

మూడోసారి గేటు దాటి, బస్‌స్టాప్ దగ్గర దొరికాక, లతను వేరే గృహానికి మార్చమని సమితికి రాయాలని యాజమాన్యం నిర్ణయించింది. వారి వాదన తీసిపారేయదగింది కాదు: పిల్ల రోడ్డు మీదకు వెళ్లడం నిజమైన ప్రమాదం, ఇంతకంటే గట్టి కాపలా ఉన్న చోట ఆమె ప్రాణానికి భరోసా ఎక్కువ. నా వాదన ఒక్కటే, అది ఆమెకు ఇంకో మార్పు అవుతుందని. కానీ ఇక్కడే ఉంచితే ఏం మారుతుందని అడిగితే నా దగ్గర జవాబు లేదు. నివేదిక రాయడానికి పది రోజుల గడువు అడిగాను.

ఆ నివేదిక కోసమే సంఘటనల తేదీలు కావలసి వచ్చాయి. రోజువారీ రిజిస్టర్ తెరిస్తే, లత గేటు దాటిన రోజున కూడా "అంతా సాధారణం" అని ఉంది. ఆ రిజిస్టర్‌ను నమ్మలేక, ఏ రోజు ఎవరు డ్యూటీలో ఉన్నారో చూసి వారినే అడుగుదామని డ్యూటీ చార్టులు తెప్పించుకున్నాను. కేస్ వర్కర్ డైరీ, వాచ్‌మన్ పుస్తకం, వంటమనిషి జ్ఞాపకం కలిపి ఐదు నెలల్లో 17 సంఘటనలు తేల్చి, తెల్లకాగితం మీద తేదీల వారీగా వేసి, పక్కనే డ్యూటీ చార్టు పెట్టాను. 17లో 12, ఒక హౌస్ మదర్ మారిన, మానేసిన, లేదా మెమో (సంజాయిషీ అడిగే కాగితం) అందుకున్న మూడు రోజుల్లోపు జరిగాయి.

వెంటనే నమ్మలేదు. అలాంటి మార్పుల తర్వాతి మూడేసి రోజులన్నీ కలిపితే నెలకు ఎనిమిది, తొమ్మిది రోజులకు మించవు; కాకతాళీయమే అయితే 17లో నాలుగో ఐదో ఆ రోజుల్లో పడాలి. మరో అనుమానం ఇంకా బలమైనది: పిల్ల పారిపోతే మెమో వస్తుంది, మెమో వస్తే హౌస్ మదర్‌ను మారుస్తారు, కాబట్టి ఏది కారణం, ఏది ఫలితం? ఒక్కో తేదీనీ విడదీసి చూస్తే 9 చోట్ల మార్పు ముందు, సంఘటన తర్వాత అని స్పష్టంగా తేలింది. మూడింటిలో తేలలేదు. అన్నిటికంటే దట్టంగా ఉన్నది ఆషాఢం. బోనాలు మన నగరంలో ఒకే ఆదివారం జరగవు: గోల్కొండది ఒక వారం, లష్కర్‌ది ఒక వారం, లాల్‌దర్వాజాది మరో వారం. ఎవరి బస్తీ బోనానికి వారు సెలవు పెట్టుకోవడంతో చార్టు ఆ నెలంతా వారం వారం తిరగబడింది. ఆ నెలలోనే లత రెండుసార్లు గేటు దాటింది.

మెట్ల మీద నుంచి దిగే భయం

హౌస్ మదర్లను ఈసారి శిక్షణకు పిలవలేదు, ఒక్కొక్కరితో కూర్చుని విన్నాను. పిల్ల ఏ తప్పు చేసినా డ్యూటీలో ఉన్న మనిషికి మెమో వస్తుంది, 24 గంటల్లో రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి. మూడు మెమోలయితే కాంట్రాక్టు పొడిగింపు అనుమానమే. దాంతో ముగ్గురు మూడు దారులు పట్టారు: ఒకరు జరిగినదాన్ని రాయరు, ఒకరు సాయంత్రం ఆరింటికే గ్రిల్లుకు తాళం వేస్తారు, మూడో ఆమె కష్టమైన పిల్లలకు దూరంగా ఉంటుంది. ఆ మూడో ఆమె దాపరికం లేకుండా చెప్పింది, నా డ్యూటీలో ఆ పిల్ల ఏమీ చేయకపోతే చాలు, తెల్లారితే నా పాపం తీరిపోతుందని.

దీని మీద నెలనెలా రొటేషన్ ఒకటి. ఒకటో తారీఖున అంతస్తులు మారాలి. ఈ నియమం మూర్ఖత్వంతో పుట్టింది కాదు. అంతకు ముందెప్పుడో ఒక హౌస్ మదర్ కొందరు పిల్లలనే దగ్గరకు తీస్తోందన్న ఫిర్యాదు వచ్చి, పక్షపాతం ఉండకూడదని పెట్టారు. "ఎక్కువ దగ్గరకాకు" అన్నది కొత్తగా చేరినవారికి ఇచ్చే మొదటి సలహా. 1960లో ఇసబెల్ మెంజీస్ లండన్‌లోని ఒక బోధనాసుపత్రిలో నర్సుల పనిని పరిశీలించి, పనిని చిన్న చిన్న ముక్కలు చేయడం, నర్సులను తరచూ వార్డులు మార్చడం వంటి ఏర్పాట్లు నర్సుకూ రోగికీ మధ్య అనుబంధం పెరగనీయకుండా అడ్డుపడుతున్నాయని, ఆందోళన నుంచి కాపాడుకోవడానికి సంస్థ కట్టుకున్న ఆ గోడలు ఆందోళనను తగ్గించకపోగా పెంచుతున్నాయని రాశారు. చదువుకునే రోజుల్లో పరీక్ష కోసం చదివిన సంగతి అది. అది మా ఒకటో తారీఖు చార్టులో కనబడుతుందని తోచడానికి నాకు ఇంతకాలం పట్టింది.

సూపరింటెండెంట్‌ను దోషిగా చూపడం తేలిక, న్యాయం కాదు. పిల్ల తప్పిపోతే ఆమెకూ పై నుంచి నోటీసే వస్తుంది. తనిఖీ బృందం వస్తుందన్న ఫోను వచ్చిన రోజు ఆమె గొంతు మారేది, ఆ గొంతు మధ్యాహ్నానికి వంటగదికి, సాయంత్రానికి పై అంతస్తుకు చేరేది. ఆ వరుసలో నేనూ ఉన్నాను. పిల్లలు చెప్పింది గోప్యమని హౌస్ మదర్లకు ఏమీ చెప్పకుండా, నివేదికలు నేరుగా ఆఫీసుకు ఇచ్చేదాన్ని. లత నా గదిలోకి వెళ్లిన ప్రతిసారీ, ఆఫీసు పక్కనే ఉన్న ఆ గదిలో తమ మీద ఏం చెబుతోందోనని పైన ఇద్దరు ముగ్గురు గుండెలు చిక్కబట్టుకుని ఉండేవారట.

1998లో అమెరికాలోని టెన్నెసీలో చార్లెస్ గ్లిసన్, ఆంథొనీ హెమెల్‌గార్న్ 32 ప్రభుత్వ బాలల సేవా కార్యాలయాల పరిధిలోని 250 మంది పిల్లలను గమనించి చేసిన అధ్యయనం ఒకటి ఉంది. ఉద్యోగుల మధ్య ఘర్షణ తక్కువగా, సహకారం, పనిలో స్పష్టత ఎక్కువగా ఉన్న చోట పిల్లల మానసిక, సామాజిక స్థితి మెరుగైందని, సంస్థల మధ్య సమన్వయం పెంచడం వల్ల మాత్రం పిల్లలకు మేలు కనబడకపోగా సేవల నాణ్యత తగ్గిందని వారు తేల్చారు. టెన్నెసీ కార్యాలయం మన గృహం కాదు, అక్కడి లెక్క ఇక్కడికి అతకదు. అయినా నా మూడు సమన్వయ సమావేశాలు గుర్తొచ్చాయి.

ఏం చేశాం, ఎందుకలా చేశాం

ఇదంతా సమితికి ఇచ్చే నివేదికలో రాయవచ్చు. రాస్తే ఏమవుతుందో ఆలోచించాను: సూపరింటెండెంట్‌కు సంజాయిషీ నోటీసు, ఆమె నుంచి నలుగురికి మెమోలు, నెలాఖరుకు ఇద్దరు మానేయడం, ఆ మూడు రోజుల్లో లత. ఏ గొలుసును తెంచాలనుకున్నానో దాన్నే మరోసారి తిప్పినట్టవుతుంది. పిల్లల మీద చేయి చేసుకున్న ఆనవాలు కనబడి ఉంటే ఈ లెక్క చెల్లదు, శారీరక దండన బాలన్యాయ చట్టంలోని 82వ సెక్షన్ కింద నేరం, నేరుగా రాయడమే దారి. అలాంటిది లేదు కనుక ముందు సూపరింటెండెంట్ దగ్గరకు వెళ్లి, ఏ వ్యాఖ్యా లేకుండా రెండు కాగితాలూ ఆమె ముందు పెట్టాను. చాలాసేపు చూశారు. తర్వాత, నేను వివరణ దొరకక వదిలేసిన ఐదు తేదీల్లో రెండింటి మీద వేలు పెట్టి, "ఈ రెండు రోజులూ నేను సెలవులో ఉన్నాను" అన్నారు. ఆ క్షణం నుంచి ఆ కాగితాలు ఆమెవి కూడా అయ్యాయి. బదిలీ ప్రతిపాదనను మూడు నెలలు పక్కన పెట్టమని యాజమాన్యాన్ని ఒప్పించింది ఆమే, నేను కాదు.

మార్పులను లత ఉన్న అంతస్తుకే పరిమితం చేశాం. నచ్చకపోతే వెనక్కి తీసుకోవచ్చన్న ధైర్యం యాజమాన్యానికి ఉండాలి, రెండో అంతస్తుతో పోల్చి చూసే వీలు మాకు ఉండాలి. సరోజమ్మ, మరొకామె, ఈ ఇద్దరే ఆ అంతస్తులో ఒకరి తర్వాత ఒకరు, రొటేషన్ లేదు. పక్షపాతం భయం పోలేదు కనుక కేస్ వర్కర్ వారానికోసారి పిల్లలందరితో విడిగా మాట్లాడే ఏర్పాటు పెట్టాం. సంఘటన జరిగితే 48 గంటల దాకా మెమో ఇవ్వకూడదు, ముందు కూర్చుని మాట్లాడాలి. పిల్లలకు హాని జరిగిన సందర్భం దీనికి మినహాయింపు. సంఘటన కాగితానికి రెండు భాగాలు: పిల్ల ఏం చేసింది, అంతకు ముందు రెండు రోజుల్లో సిబ్బందికి ఏం జరిగింది. ఈ రాత్రి ఎవరు పడుకుంటారో, రేపు ఎవరో చెప్పే ఫోటోల చార్టు మెట్ల దగ్గర గోడకు, సరిగ్గా లత కూర్చునే చోట, అతికించాం.

వీటిలో సాఫీగా నడిచింది ఫోటోల చార్టు ఒక్కటే. డ్యూటీ మారేటప్పుడు పదిహేను నిమిషాలు మాట్లాడుకోవాలన్నది రెండు వారాలు నడవనే లేదు, ఉదయం 8 అంటే పిల్లల టిఫిన్లు, జడలు, బడి సంచుల వేళ. దాన్ని పిల్లలు బడికి వెళ్లాక 9.15కి మార్చి, ఆ సమయాన్ని డ్యూటీ గంటల్లో కలిపి, వంటగది వరండాలో టీ ఇస్తే అప్పుడు నిలబడింది. సంఘటన కాగితంలోని రెండో భాగం నెల రోజులు ఖాళీగానే ఉంది. రాసింది రేపు తమ మీదకు రాదని ఎవరు నమ్ముతారు? చివరికి అందులో మొదటి గీత గీసింది సూపరింటెండెంటే: తనిఖీ ఫోను వచ్చిన రోజు ఉదయం తాను అందరి ముందు సరోజమ్మ మీద అరిచానని సంతకం పెట్టి రాశారు. తర్వాతి వారం మరో ఇద్దరు రాశారు.

జీతాల ఆలస్యాన్ని మేం ఏమీ చేయలేకపోయాం. ఏ తారీఖుకు వస్తుందో, రాకపోతే ఎందుకు రాలేదో ముందే చెప్పడానికి యాజమాన్యం ఒప్పుకుంది. ఇంట్లో సరుకులు కొనలేని మనిషి రాత్రి పిల్ల పక్కన ఓపికగా కూర్చోవాలని ఆశించడంలో ఉన్న అన్యాయం ఆ మాటతో తీరదు.

లత

మొదట ఇంకా ముదిరింది. మూడో వారంలో అన్నం పళ్లెం సరోజమ్మ మీదకు విసిరింది. పాత పద్ధతిలో అయితే మెమో, అంతస్తు మార్పు. ఈసారి ఏదీ జరగలేదు. సరోజమ్మ చీర మార్చుకుని, మిగిలిన పిల్లలకు వడ్డించి, డ్యూటీ దిగి వెళ్లి, తన వంతు రోజున మళ్లీ వచ్చింది. "మళ్లా వచ్చినవా?" అని లత అడిగిందట. "చార్టుల నా ఫోటో ఉన్నది గద, రాకపోతే ఎట్ల?" అన్నదట సరోజమ్మ. ఈ మాటలు నాకు గదిలో తెలియలేదు, వరండాలో టీ దగ్గర తెలిశాయి.

గ్రిల్లు పక్కన కూర్చోవడం రెండో నెలలో తగ్గింది. బడికి మొదట వారానికి మూడు రోజులు, తర్వాత రోజూ. తిండి దాచడం మానలేదు. మానిపించాలా అని చర్చ వచ్చినప్పుడు, చీమలు పడుతున్నాయి కదా, ఒక మూత డబ్బా ఇద్దామని వంటమనిషి అన్నది. అలాగే ఇచ్చాం. తర్వాతి ఐదు నెలల్లో 4 సంఘటనలు జరిగాయి, వాటిలో రెండు మొదటి నెలలోనివే. ఇది పద్ధతి గొప్పతనమా, సరోజమ్మ అనే మనిషి గొప్పతనమా అన్నది ఒక్క కేసుతో విడదీయలేం. పాత పద్ధతిలో కూడా సరోజమ్మ అక్కడే ఉందన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. రెండో అంతస్తులోని పెద్ద పిల్లలు, నిబంధనల ప్రకారం ఉండాల్సిన బాలల కమిటీలో, మా మెట్ల దగ్గర ఫోటోలు ఎప్పుడు పెడతారని అడిగారు. ఆ కమిటీ పుస్తకంలో పిల్లలు తమంతట తాము రాయించిన మొదటి అంశం అదే.

ఎనిమిదో నెలలో సరోజమ్మ మానేసింది. ఒక ఆసుపత్రిలో అటెండర్ పని, జీతం నెలనెలా వస్తుంది. ఆపడానికి మాకు నోరు రాలేదు. ఈసారి మూడు వారాల ముందే పిల్లలకు చెప్పాం, ఆమే కూర్చోబెట్టి చెప్పింది. లత రెండు వారాలు ఆమెతో మాట్లాడలేదు. డబ్బా మళ్లీ నిండింది. గేటు దగ్గరకు మాత్రం వెళ్లలేదు. చివరి రోజున సరోజమ్మ ఫోటోను చార్టు నుంచి తీసి తన పుస్తకంలో పెట్టుకుంటానంటే ఇచ్చేశాం.

ఇప్పుడు ఏ గృహానికి వెళ్లినా పిల్ల ఫైలుతో పాటు ఆరు నెలల డ్యూటీ చార్టులు అడుగుతాను. వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక రాసేటప్పుడు, ఆ పిల్లను చూసుకున్న మనుషులు ఎవరు, ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు వెళ్లారో విడిగా ఒక కాగితం మీద రాసి జతచేస్తాను. పిల్ల భద్రతకు సంబంధించి హౌస్ మదర్‌కు ఏది చెప్పాలో, ఏది నా దగ్గరే ఉంచాలో ముందు పిల్లతోనే మాట్లాడి తేల్చుకుంటాను.

ఆ గృహంలో ఏడాది తిరగకముందే సూపరింటెండెంట్ మారారు. కొత్తగా వచ్చినవారు రిజిస్టర్లన్నీ చూసి, మొదటి అంతస్తులో రొటేషన్ ఎందుకు లేదని నన్ను అడిగారు. బీరువాలో నుంచి ఆ రెండు కాగితాలు తీసి, ఆమె బల్ల మీద పక్కపక్కన పెట్టాను.